ఫీజు బకాయి ఎవరిది?

(మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో ‘ఉన్నత విద్య - స్త్రీలు’ అన్న అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం చాలా పెద్దది. ఉన్నత విద్యలో స్త్రీల గురించి మాట్లాడమంటే ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు, ఎక్కడికైనా పోవచ్చు. అందుకని దాన్ని బాగా చిన్నది చేసుకుని, ఒక్క నోటీసు గురించి మాట్లాడదామనుకుంటున్నాను. సెమిస్టరు పరీక్షలు దగ్గర పడుతున్నాయనగా మన పీజీ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో బోర్డు మీద ఒక నోటీసు పడుతుంది. ట్యూషన్ ఫీజు బకాయి చెల్లించని యెడల ఈ దిగువ విద్యార్థినీ విద్యార్థులకు హాల్ టికెట్లు ఇవ్వబడవు అని. కింద వరసగా పేర్లు, పేరుకెదురుగా అంకెలు. ఇవ్వబడవు అంటే ఎవరు ఇవ్వరు? బకాయి అంటే ఎవరు ఎవరికి బాకీ? నోటీసులో ఆ మాట ఉండదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఆ లేని మాట గురించే.

నేను సమాజశాస్త్రం, అంటే సోషియాలజీ, చెప్పిన దాన్ని. ఎమ్మే క్లాసులకు ఇరవై ఏళ్ళు పైగా పాఠం చెప్పాను. ఈ నోటీసు అన్ని శాఖల ముందూ పడుతుంది గానీ మా శాఖ ముందు పడే జాబితా ఎప్పుడూ పొడుగ్గానే ఉండేది. కారణం తెలియనిదేమీ కాదు. సోషియాలజీ ఎమ్మేకి ఎవరు వస్తారు? ఊళ్ళోనో మండల కేంద్రంలోనో తెలుగు మీడియంలో బీఏ చదివిన పిల్లలు. లేబొరేటరీ ఖర్చులుండవని, ఇంగ్లీషు కొంచెం తక్కువైనా నెగ్గుకురావచ్చని, గ్రూప్-2 పరీక్షకు పనికొస్తుందని, ఐసీడీఎస్ సూపర్‌వైజరు ఉద్యోగమో హాస్టల్ వార్డెన్ ఉద్యోగమో దొరక్కపోతుందా అని వస్తారు. మన స్వచ్ఛంద సంస్థల్లో కోఆర్డినేటర్లుగా పనిచేస్తున్న ఆడపిల్లల్లో ఎంతమంది సోషియాలజీ, సోషల్ వర్క్ చదివినవాళ్ళో మీకే బాగా తెలుసు. నా క్లాసులో సగం పైన అమ్మాయిలే ఉండేవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది దళిత, బీసీ కుటుంబాల వాళ్ళు. ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి ఆడమనిషి తానే అయినవాళ్ళు.

ఇక్కడ ఒక పక్కమాట. మన ప్రాంతంలో సమాజశాస్త్రానికి పేరు తెచ్చిన పుస్తకం ఎస్.సి. దూబే గారు శామీర్‌పేట గురించి రాసింది. 1955లో వచ్చింది. అప్పటికి ఆయన ఉస్మానియాలో పనిచేసి ఉన్నారు. హైదరాబాదు పక్కన ఉన్న ఒక ఊళ్ళో ఎవరికి ఎంత భూమి, ఏ కులం వాళ్ళు ఎక్కడుంటారు, ఎవరు ఎవరి మీద ఆధారపడతారు, అంతా రాశారు. ఆ పద్ధతిని మేం ఏటేటా పిల్లలకు నేర్పిస్తాం. వాళ్ళను ఊళ్ళకు పంపి ఇంటింటి సర్వే చేయిస్తాం, అప్పులెన్ని అని ఒక గడి కూడా పెట్టిస్తాం. అదే గడి మా క్లాసులో కూర్చున్న పిల్లల ముందు పెట్టమని మాత్రం ఏ సిలబస్సూ చెప్పదు.

అసలు విషయానికొద్దాం. ఈ పిల్లల ఫీజు ఎవరు కట్టాలి? పేద దళిత, గిరిజన, వెనుకబడిన కులాల, మైనారిటీ విద్యార్థుల ట్యూషన్ ఫీజు ప్రభుత్వం భరిస్తుందని మన రెండు రాష్ట్రాల్లోనూ జీవోలు చెబుతున్నాయి. ఇది ఎవరో దయతలచి నిన్న మొన్న ఇచ్చిన వరం కాదు. దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. డాక్టర్ అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిలులో సభ్యుడుగా ఉన్న కాలం అది. 1948లో గిరిజనులకూ వర్తింపజేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 తర్వాత ఇది ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరుతో బీసీలకూ, ఇతర పేదలకూ పెద్ద ఎత్తున విస్తరించింది. ఆ పథకం రాకపోతే నా క్లాసులో సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. ఆ మాట ఒప్పుకోకుండా దాన్ని విమర్శించకూడదు.

కానీ ఆ పేరు చూడండి. రీయింబర్స్‌మెంట్ అంటే ఏమిటి? ఎవరో ముందు పెట్టుకున్న ఖర్చును తర్వాత తిరిగివ్వడం. పేరులోనే కిటుకుంది. ముందు పెట్టుకునేది ఎవరు? కాలేజీ ఆగుతుందని ప్రభుత్వం అనుకుంటుంది. విద్యార్థి కడుతుందని కాలేజీ అనుకుంటుంది. ప్రభుత్వం ఆరు నెలలు, ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు ఆలస్యం చేస్తుంది. పరీక్షలు మాత్రం ఆలస్యం కావు. సెమిస్టరు పద్ధతి వచ్చాక ఏడాదికి ఒకసారి వచ్చే గండం రెండుసార్లు వస్తోంది.

ఈ ఆలస్యం పట్టించుకోని వాళ్ళ పాపం అనుకుంటే సరిపోదు. దీని వెనక ఒక ఆలోచన ఉంది. ఆర్థిక సంస్కరణలు మొదలైన కొత్తలో, 1992లో, యూజీసీ ఒక కమిటీ వేసింది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన జస్టిస్ పున్నయ్య గారు దానికి అధ్యక్షులు. యూనివర్సిటీలు తమ నిర్వహణ ఖర్చులో ఐదేళ్ళలో 15 శాతం, పదేళ్ళలో 25 శాతం సొంతంగా సంపాదించుకోవాలని 1993లో ఆ కమిటీ సిఫార్సు చేసింది. అది కేంద్ర విశ్వవిద్యాలయాల గురించే గానీ ఆ గాలి రాష్ట్రాలకూ తగిలింది. 1997లో కేంద్ర ఆర్థిక శాఖ సబ్సిడీల మీద ఒక పత్రం విడుదల చేసి, ప్రాథమిక విద్య తప్ప పై చదువులన్నీ ‘నాన్ మెరిట్’ సరుకుల కింద లెక్కగట్టింది. ఆ తర్వాతే మన యూనివర్సిటీల్లో సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఒకే పాఠం, ఒకే బ్లాక్ బోర్డు, ఒకే బెంచీ. పక్కపక్కన కూర్చున్న ఇద్దరమ్మాయిల్లో ఒకామె ఫీజు వందల్లోనో కొద్ది వేలల్లోనో, రెండో ఆమెది దానికి ఎన్నో రెట్లు. ఆ రెండో ఆమె పేరే నోటీసులో ఉంటుంది.

కాలేజీల వాళ్ళ బాధ అబద్ధమని నేననను. ఆ ఫీజులోంచే కాంట్రాక్టు లెక్చరర్లకూ, గంటల లెక్కన పాఠం చెప్పేవాళ్ళకూ జీతాలివ్వాలి. వాళ్ళలోనూ ఆడవాళ్ళు తక్కువేమీ కాదు. ఎనిమిది నెలల జీతం రాని లెక్చరరు, ఫీజు రాని విద్యార్థిని చేత హాజరు పట్టీలో సంతకం పెట్టించుకోవడం నేను చూశాను. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు రీయింబర్స్‌మెంట్ బకాయిలు విడుదల చేయాలని కాలేజీలు మూసి బంద్ చేశాయి. ప్రభుత్వం పిలిచి చర్చలు జరిపింది. యాజమాన్యానికి మూయడానికి ఒక గేటు ఉంది. పిల్లకేముంది?

ఇప్పుడు మన సంఘాలకు దగ్గరి సంగతి, ఇంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ‘బకాయి కట్టు, లేకపోతే హాల్ టికెట్ లేదు’ అన్న కబురు ఇంటికి చేరేసరికి అది తండ్రి దగ్గరికి పోదు, తల్లి దగ్గరికి పోతుంది. ఇంజనీరింగ్ చదివే కొడుకుంటే వాడి ఫీజు ముందు. వాడిది ఉద్యోగం వచ్చే చదువు. ఈమెది ‘ఊరికే ఇంట్లో ఉండటమెందుకని’ చదివే చదువు. ఇంట్లో కూడా ఒక వరస ఉంటుంది, ఆ వరసలో ఎమ్మే సోషియాలజీ చదివే ఆడపిల్ల చివర నిలబడుతుంది. ‘ఫీజుకు పెట్టేది కట్నంలో తగ్గిస్తారా?’ అని అడిగే మేనమామలున్నారు. అందుచేత తల్లి తన పరిధిలో ఉన్నదే తీస్తుంది. చెవి కమ్మలు తాకట్టు పెడుతుంది. డ్వాక్రా సంఘంలో అప్పు ఎత్తుతుంది. కాగితం మీద గేదె కోసమని రాయించి తెచ్చిన అప్పు యూనివర్సిటీ కౌంటర్లో చలానా అవుతుంది. సంఘంలో వంతు రాకపోతే వారం వారం ఇంటికొచ్చి వసూలు చేసే మైక్రోఫైనాన్స్ వాళ్ళున్నారు. వాళ్ళ ఆగడాల మీద 2010లో ఉమ్మడి రాష్ట్రంలో ఆర్డినెన్సు తీసుకురావలసి వచ్చిందని మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో మనం అప్పుల జాబితాలు రాసుకున్నప్పుడు వ్యవసాయం, వైద్యం, పెళ్ళి అని గడులు పెట్టుకున్నాం. సెమిస్టరు ఫీజు అని కూడా ఒక గడి పెట్టండి.

లెక్క వేసి చూడండి. ఏడాదికి 20 వేల ఫీజు అనుకుందాం. మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 600. ప్రభుత్వం ఏడాదిన్నరకు డబ్బు విడుదల చేసిందంటే అప్పటికి వడ్డీయే 10,800 అవుతుంది. ఆ వడ్డీ ఏ జీవోలోనూ లేదు, ఏ రీయింబర్స్‌మెంటులోనూ తిరిగిరాదు. ప్రభుత్వం తన ఖజానా సర్దుబాటు చేసుకోవడానికి వ్యవసాయ కూలీ అయిన ఒక తల్లి దగ్గర మూడు రూపాయల వడ్డీకి అప్పు తీసుకున్నట్టు లెక్క. వడ్డీ కూడా ఆమే కట్టుకుంటోంది.

తల్లి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక ప్రయోగం గురించి చెప్పాలి. 2020లో విద్యా దీవెన పేరుతో కొత్త పథకం వచ్చింది, 2021 నుంచి ఫీజు డబ్బును కాలేజీకి కాకుండా తల్లి బ్యాంకు ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. ఏడాదికి నాలుగు విడతలు. తల్లి ఆ డబ్బు తీసుకెళ్ళి కాలేజీలో కట్టాలి. మన సంఘాల్లో చాలామంది దాన్ని మెచ్చుకున్నారు. ఇల్లు, భూమి, రేషన్ కార్డు అన్నీ ఆడవాళ్ళ పేరు మీద ఉండాలని అడిగినవాళ్ళం కదా. తల్లి కాలేజీకి వెళ్ళి ఆఫీసు గదిలో కుర్చీలో కూర్చుని మా పిల్లకు పాఠాలు సరిగా చెబుతున్నారా అని అడగగలిగిన సందర్భాలు కూడా నేను విన్నాను. అది చిన్న విషయం కాదు.

అయితే ఆమె పేరు మీదికి వచ్చింది అధికారమా, పూచీయా? నాకు తెలిసిన ఒక తల్లి సంగతి చెబుతాను. మిరపకాయలు కోయడానికి పోయే మనిషి. విడత డబ్బు ఆమె ఖాతాలో పడింది. పడిన రోజే బ్యాంకు పాత అప్పు వాయిదా కింద కొంత పట్టుకుంది. మిగిలింది తీసుకుని కాలేజీకి పోతే తక్కువ వచ్చిందని రసీదు ఇవ్వలేదు. ‘ప్రభుత్వం మీకిచ్చింది, మీరు వాడుకున్నారు’ అన్నారు. ఆమె బిడ్డ ముందు ఆమెను దొంగను చేసి మాట్లాడారు. విడత రాని కాలంలోనూ అంతే. మీ ఖాతాలోనే కదా పడేది, ఎప్పుడు పడుతుందో మాకేం తెలుసు, ఫీజు కట్టండి అంటారు. అంతకుముందు కాలేజీకీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న బకాయి ఆ మార్పుతో కాలేజీకీ తల్లికీ మధ్య బకాయి అయింది. ప్రభుత్వం తెలివిగా మధ్యలోంచి తప్పుకుంది. 2023 చివర్లో దాన్ని తల్లీ బిడ్డల ఉమ్మడి ఖాతా చేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కాలేజీల ఖాతాకే అన్నారు. మారిన ప్రతిసారీ పాత విడతలు ఏ ఖాతాలో పడాలో తేలక మధ్యలో చిక్కుకున్న బ్యాచ్‌లు ఉన్నాయి. ఖాతా ఎవరిదన్న దానిమీద రెండు ప్రభుత్వాలు చాలా ఆలోచించాయి. డబ్బు ఫలానా తేదీకి పడాలన్న దానిమీద అంత పట్టుదల కనపడలేదు.

2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో సంగతి కూడా గుర్తుంచుకోండి. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకు ఈ సాయం నిలిపేసిన జీవో అది. దాని మీద విద్యార్థి సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడాయి. ఊరికి దగ్గరగా ఉన్న ప్రైవేటు పీజీ కాలేజీకి ఉదయం బస్సులో పోయి సాయంత్రం తిరిగొచ్చే షరతు మీదే చాలామంది ఆడపిల్లలను చదివిస్తారు. దూరపు యూనివర్సిటీలో హాస్టల్లో ఉంచి చదివించే ఇళ్ళు తక్కువ. కాగితం మీద ఆ జీవోలో ఆడా మగా తేడా ఏమీ లేదు. తేడా బస్సు దగ్గర ఉంది.

పెళ్ళయిన విద్యార్థినుల కష్టం వేరు. నా క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ముగ్గురు నలుగురు ఉండేవాళ్ళు. ఆదాయ ధ్రువపత్రం తండ్రిది తేవాలా, భర్తది తేవాలా? రేషన్ కార్డులో పేరు పుట్టింట్లో ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు మారి ఉంటుంది, మార్కుల మెమోలో మారి ఉండదు. మీసేవ చుట్టూ తిరిగి వేలిముద్ర వేసేలోగా గడువు దాటిపోతుంది. కాన్పు వస్తే 75 శాతం హాజరు ఉండదు. హాజరు లేకపోతే స్కాలర్‌షిప్ రాదు. అప్పుడు ఆ బకాయి చట్టప్రకారమే ఆమె నెత్తిన పడుతుంది. బిడ్డను కన్నందుకు ఒక సెమిస్టరు ఫీజు జరిమానా అన్నమాట. 2021 డిసెంబరులో యూజీసీ అన్ని యూనివర్సిటీలకూ ఒక లేఖ రాసింది. డిగ్రీ, పీజీ చదివే స్త్రీలకు ప్రసూతి కారణంగా హాజరులో సడలింపు, పరీక్ష దరఖాస్తు గడువులో సడలింపు ఇచ్చేలా నిబంధనలు చేసుకోండి అని. మీ జిల్లాలో ఉన్న యూనివర్సిటీ ఆ నిబంధన చేసిందో లేదో కనుక్కోండి. ఆ లేఖ సంగతి ఆఫీసులో గుమాస్తాకు తెలియకపోవచ్చు, కాపీ వెంట తీసుకెళ్ళండి.

రావలసిన డబ్బు రాకపోవడం మనిషిని ఏం చేస్తుందో మనకు తెలియనిది కాదు. 2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు అతనికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేల రూపాయలు, రావలసి ఉందన్న సంగతి అతను రాసిపెట్టిన ఉత్తరంలో ఉంది. అందులోంచి ఒక స్నేహితుడి బాకీ తీర్చమని కూడా ఉంది. ఆ మరణానికి కారణాలు అనేకం, వాటి గురించి చాలా మాట్లాడుకున్నాం. ఆ ఒక్క వాక్యం గురించి తక్కువ మాట్లాడుకున్నాం. ఒక సంస్థ విద్యార్థికి బాకీ పడితే, ఆ విద్యార్థి ఇంకొకరికి బాకీ పడతాడు. సంస్థ మాత్రం ఎవరి జాబితాలోనూ ఎగవేతదారుగా ఉండదు.

హక్కు ఉందా లేదా అని మీరు అడుగుతారు. ఫీజు మీద మన దేశంలో హక్కుల చర్చ మొదలైందే ఒక అమ్మాయితో. మీరట్‌కు చెందిన మోహినీ జైన్ కర్ణాటకలో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో సీటు అడిగితే ఏడాదికి 60 వేలు కట్టమన్నారు. అదే రాష్ట్రంలో ప్రభుత్వ సీటుకు ఫీజు 2 వేలు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళింది. చదువు హక్కు జీవించే హక్కులో భాగమేననీ, అలాంటి ఫీజు క్యాపిటేషన్ ఫీజేననీ 1992లో కోర్టు తీర్పు ఇచ్చింది. తమాషా ఏమిటంటే, ఆమెకు మాత్రం సీటు ఇప్పించలేదు. మరుసటి ఏడు, 1993లో, మన రాష్ట్రమే కక్షిదారుగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో కోర్టు కొంచెం వెనక్కి తగ్గింది. పద్నాలుగేళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కు, ఆపైన ప్రభుత్వ ఆర్థిక స్థోమతను బట్టి అంది. ఆ కేసులో పెట్టిన ఫీజుల పద్ధతిని కూడా 2002లో పై ధర్మాసనం కొట్టేసింది. కాబట్టి ఎమ్మే చదువు ఉచితంగా పొందడం నా ప్రాథమిక హక్కు అని కోర్టుకు పోతే నిలబడదు. అయితే ఇక్కడ మనం అడుగుతున్నది ఉచిత విద్య కాదు. ప్రభుత్వం తానే కడతానని జీవో ఇచ్చింది. ఆ హామీ మీద నమ్మకంతో పిల్ల చేరింది, కాలేజీ చేర్చుకుంది. ఇది ఇచ్చిన మాట సంగతి. స్థోమత లేదనే వాదన ఇక్కడికి రాకూడదు.

కేంద్రం విషయం కూడా ఒక్క మాట. దళిత విద్యార్థుల స్కాలర్‌షిప్ ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఐదేళ్ళకు 59,048 కోట్లు, అందులో కేంద్రం వాటా 35,534 కోట్లు అన్నారు. అంతకుముందు భారమంతా దాదాపు రాష్ట్రాల మీదే పడేది, కాబట్టి ఇది మంచి మార్పే. కానీ కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది, రాష్ట్రం వాటా వేరే దారిలో, వేరే నెలలో వస్తుంది. ఏది వచ్చిందో ఏది రాలేదో పిల్లకు తెలియదు, కాలేజీ గుమాస్తాకూ తెలియదు. తెలియనిదంతా పిల్ల ఖాతాలో బాకీగా రాసేస్తారు.

పరీక్షలు ఎలాగో రాస్తారు. చివరి నిమిషంలో పైరవీ చేస్తేనో, హామీపత్రం రాస్తేనో, ఎవరో లెక్చరరు తన జేబులోంచి కడితేనో హాల్ టికెట్ ఇస్తారు. అసలు చిక్కు సర్టిఫికెట్ల దగ్గర. కోర్సు అయిపోయాక మెమోలు, ప్రొవిజనల్, టీసీ కాలేజీ బీరువాలో ఉండిపోతాయి. బీఈడీ కౌన్సెలింగ్‌కు ఒరిజినల్స్ కావాలి. ఉద్యోగం వస్తే పరిశీలనకు ఒరిజినల్స్ కావాలి. పదిహేను వేల ఫీజు కోసం పదో తరగతి నుంచి చదివిన చదువంతా బీరువాలో తాళం పడుతుంది. ఇంజనీరింగ్ బకాయి లక్షల్లో ఉంటుంది కాబట్టి పత్రికల్లో వస్తుంది. ఎమ్మే బకాయి చిన్న మొత్తం, ‘అంతేనా, ఎలాగో కట్టేయొచ్చుగా’ అంటారు. అలా అనేవాళ్ళకు ఆ మొత్తం చిన్నదే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని, ఒకేసారి కోర్సు మొత్తం ఫీజు వసూలు చేయకూడదని యూజీసీ 2018 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. సర్టిఫికెట్ తాకట్టు వస్తువు కాదని హైకోర్టులు పలు కేసుల్లో చెప్పాయి. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి 2023లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి విద్యాసంస్థలో ఒక కమిటీ ఉండాలి, అందులో స్త్రీ సభ్యురాలు ఉండాలి, పైన అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. స్కాలర్‌షిప్ ఆలస్యం కావడం కూడా ఆ నిబంధనల్లో ఫిర్యాదు కిందికే వస్తుంది. లీగల్ సర్వీసెస్ చట్టం 1987 ప్రకారం ఆడవాళ్ళకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది. గృహహింస కేసులకు మనం అక్కడికి వెళ్తూనే ఉన్నాం. సర్టిఫికెట్ కోసం అక్కడి నుంచి ఒక నోటీసు పంపించిన సంఘం ఎక్కడైనా ఉందా?

ఒక చేదు మాట అంటాను, ఏమీ అనుకోవద్దు. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని, మానేసేదాకా తమ దగ్గరే పెట్టుకునే స్వచ్ఛంద సంస్థలున్నాయి. ఆడవాళ్ళ హక్కుల మీద ప్రాజెక్టులు నడిపేవి కూడా అందులో ఉన్నాయి. ప్రాజెక్టు మధ్యలో వదిలిపోతారని భయమట. అలాంటి సంస్థ నుంచి వచ్చి కాలేజీ ప్రిన్సిపాలును నిలదీస్తే ఆయన నవ్వుతాడు. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చెయ్యండి. అవి కాలేజీలో ఇరుక్కున్న అమ్మాయికి నెట్‌లో వచ్చిన ఫలితం కాపీతో, లెక్చరరు రాసిచ్చిన కాగితంతో ఉద్యోగం ఇవ్వండి.

ఇక చందాల సంగతి. పరీక్ష ముందు రోజు పిల్ల ఏడుస్తూ వస్తే సంఘం తరఫున డబ్బు పోగుచేసి కట్టినవాళ్ళున్నారు. ఆ రాత్రి ఇంకేం చేయగలం? నేను దాన్ని తప్పు పట్టను. కానీ కట్టేటప్పుడు రసీదు మీద ఒక్క వాక్యం రాయించాలి. ‘ప్రభుత్వం ఫీజు విడుదల చేసిన వెంటనే ఈ మొత్తం విద్యార్థినికి తిరిగి చెల్లించబడును’ అని. రాయకపోతే మీరే ఒక ఉత్తరం రాసి ఇచ్చి, దాని నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ఎందుకంటే, ప్రభుత్వం ఆలస్యంగానైనా చాలా సందర్భాల్లో డబ్బు ఇస్తోంది. రెండేళ్ళ తర్వాత అది కాలేజీ ఖాతాలో పడుతుంది. అప్పటికి ఆ పిల్ల పెళ్ళయి ఎక్కడో ఉంటుంది. ఒకే సీటుకు ఒకసారి తల్లి కమ్మలు తాకట్టు పెట్టి కట్టిన డబ్బు, ఇంకోసారి ప్రభుత్వం డబ్బు. తన ఫీజు విడుదలైందన్న సంగతే ఆమెకు ఎవరూ చెప్పరు. మా పాత విద్యార్థినుల్లో ఒకామె పిహెచ్.డి.లో చేరుతూ పాత దరఖాస్తు నంబరుతో వెదికితే, మూడేళ్ళ కిందటే తన ఫీజు కాలేజీకి చేరినట్టు కనపడింది. రసీదు దాచుకుంది కాబట్టి వెళ్ళి అడిగింది. ఐదుసార్లు తిరిగాక ఇచ్చారు. రసీదు లేని వాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి.

కాబట్టి మీ దగ్గరికి ఒక పని తెచ్చాను. మీ మండలంలో గత ఐదారేళ్ళలో డిగ్రీ, పీజీ చదివి, ఫీజు చేతినుంచి కట్టిన ఆడపిల్లల పేర్లు రాయండి. సోషియాలజీ, తెలుగు, చరిత్ర, రాజనీతి వాళ్ళను ముందు రాయండి, వాళ్ళ గురించి ఎవరూ అడగరు కాబట్టి. తెలంగాణలో అయితే ఈ-పాస్ దరఖాస్తు నంబరు, ఆంధ్రలో అయితే జ్ఞానభూమి నంబరు తీసుకుని, ఎంత మంజూరైంది, ఏ తేదీన, ఏ ఖాతాలో పడింది చూడండి. నంబరు పారేసుకున్నవాళ్ళుంటే సమాచార హక్కు చట్టం కింద జిల్లా సంక్షేమశాఖ ఆఫీసులో పది రూపాయల దరఖాస్తు పెట్టండి. తెల్ల రేషన్ కార్డున్న పేదవాళ్ళకు ఆ పది రూపాయలు కూడా అక్కర్లేదు. పక్కన ఇంకో రెండు గడులు పెట్టుకోండి. కాలేజీ దగ్గర ఇంకా ఏ సర్టిఫికెట్లున్నాయి అన్నది ఒకటి. ఆ ఫీజు కట్టడానికి డబ్బు ఎక్కడ తెచ్చారు, ఎంత వడ్డీకి అన్నది రెండోది. ఆ రెండో గడి నింపేటప్పుడు తండ్రిని కాదు, తల్లిని అడగండి.

ఒక మండలం జాబితా పూర్తయినా చాలు, దాన్ని పట్టుకుని ముందు సంక్షేమశాఖ డిప్యూటీ డైరెక్టరు దగ్గరికి, తర్వాత కాలేజీకి వెళ్దాం. ఈ వరస మార్చకండి. ముందు కాలేజీకి వెళ్తే వాళ్ళు ప్రభుత్వాన్ని చూపిస్తారు. విడుదల వివరాలు చేతిలో పెట్టుకుని వెళ్తే చూపించడానికి ఎవరూ ఉండరు. ఫారం నమూనా ఒకటి తయారుచేసి తెచ్చాను, భోజనాల తర్వాత అందరికీ ఇస్తారు. అందులో గడులు చాలకపోతే ఇక్కడే చెప్పండి, మార్చుకుందాం.